రాగి బిందె నీళ్లు, కాజీపేట రొయ్యలు

మా సడ్డకుడి ఇంట్లో రొయ్యలు పిల్లలు పెట్టాయన్న కబురు నాకు మా ఆవిడ చెప్పింది, పప్పుకు తాలింపు వేస్తూ. సడ్డకుడంటే ఆమె చెల్లెలి భర్త. కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరు.

"మా బాపు దినాం గాడికే పోతాండట. గా రొయ్యల ముంగట కూసుంటే లేసుడే లేదట" అంది.

అప్పటికి కొన్నాళ్లుగా మా మామ నా దుకాణానికి రావడం మానేశాడు. మోకాళ్ల నొప్పి కాబోలు అనుకుని, పసరు నూనె ఒక సీసా కొని పెట్టాను, కనిపిస్తే ఇద్దామని. మోకాళ్లు బాగానే ఉన్నాయన్నమాట. కొత్తవాడ నుంచి నడిచొచ్చి బస్సెక్కి కాజీపేటలో దిగేంత బాగా ఉన్నాయి. ఆ పూట పప్పు నాకు సహించలేదు.

డెబ్బైల చివరి సంవత్సరాల మాట ఇది. అప్పట్లో నాకు వరంగల్ చౌరస్తాలో పెద్ద ఫోటో ఫ్రేముల షోరూం ఉండేది. ఈ వాక్యం ఇప్పుడు మా ఆవిడకు చదివి వినిపిస్తే, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని నన్నొకసారి చూసింది. సరే. షోరూం కాదు, చౌరస్తా కాదు. చౌరస్తా నుంచి లోపలికి తిరిగే సందులో, బట్టల దుకాణం మెట్ల కింద ఒక అర. నిటారుగా నిలబడితే నెత్తికి మెట్టు తగిలేది. దేవుళ్ల పటాలకూ, పెళ్లి ఫోటోలకూ, పోయినవాళ్ల ఫోటోలకూ అక్కడే అద్దం కోసి చట్రం బిగించేవాణ్ణి.

మా మామ కొత్తవాడలో జంపఖానాలు నేసినవాడు. మోకాళ్లు మగ్గం గుంటలోకి దిగనివ్వకపోతే మగ్గం కొడుక్కి అప్పజెప్పి, సాయంత్రాలు నా దుకాణానికి వచ్చేవాడు. ముక్కాలిపీట మీద కూర్చుని, చాయ్ తాగుతూ, నేను గాజు కోస్తుంటే చూసేవాడు. నాకు మా నాన్న గుర్తు లేడు. నాకు నడక రాకముందే పోయాడట. కనుక ఆ ముక్కాలిపీట మీద ఎవరు కూర్చుంటున్నారన్నది నాకు చిన్న విషయం కాదు. "మంచిగ కోసినవ్ బిడ్డా" అని రోజూ మెచ్చుకునేవాడని మా పిల్లలకు చెప్పాను. రోజూ కాదు. ఒకసారి అన్నాడు. ఆ ఒక్కసారిని నేను చాలా రోజులకు సర్దుకున్నాను.

ఇంతకీ రొయ్యలు ఉండే గాజు తొట్టి నేను చేసిందే. అది మరీ మండించింది. జిల్లాలో చేపల తొట్టి మొట్టమొదట కట్టింది నేనేనని చాలా కాలం చెప్పుకున్నాను. అసలు జరిగింది ఏమిటంటే, హన్మకొండలో ఒక డాక్టరు గారింట్లో తొట్టి అద్దం పగిలితే మార్చడానికి వెళ్లి, అది చూసొచ్చి అలాంటిదే కట్టాను. ఇనుప యాంగిల్ చట్రం, లోపల గాజు పలకలు, సందుల్లో పుట్టీ. మొదట్లో కట్టినవన్నీ కారాయి. కారనిది ఒకటి తయారయ్యాక దుకాణం ముందు పెట్టి ఎర్ర చేపలు వదిలాను. సడ్డకుడికి రైల్వే క్వార్టరు వచ్చినప్పుడు మేలురకం తొట్టి ఒకటి కానుకగా ఇచ్చాను. మేలురకం అన్నాను గదా, దాని గాజులో బుడగలున్నాయి. నీళ్లు పోస్తే లోపలివన్నీ ఉబ్బి వంకరగా కనిపించేవి. ఎవరూ కొనకపోతే దానికి రంగు కాగితం చుట్టి ఇచ్చాను.

వాళ్లు దాన్ని కిటికీలో ఖాళీగా పెట్టుకున్నారు. తర్వాత మా సడ్డకుడు షెడ్డులో తోటి మనిషి పెళ్లికి ఏటూరునాగారం వైపు వెళ్లి, అక్కడ వాగులో స్నానం చేసి తువ్వాలు పిండబోతే అందులో ఏవో ఎగిరాయట. బియ్యపు గింజకంటే కొంచెం పొడవు, అరచేతిలో వేసుకుంటే కింద గీతలు కనిపించేంత పల్చన. వాగు రొయ్యలు. అన్నం క్యానులో వాగు నీళ్లు పోసి, గుప్పెడు నాచు వేసి ఇంటికి తెచ్చాడు. కూరకని తెచ్చాడని మా మరదలు మూకుడు పొయ్యి మీద పెట్టి, క్యాను మూత తీసి చూసి, "గివి వేయిస్తే గరిటెకు అంటుకునుడే గని నోట్లెకు రావు" అని తీసుకెళ్లి తొట్టిలో కుమ్మరించిందట. అంతే. ఆ ఇంట్లో ఎవరూ చేసిందేమీ లేదు. నా తొట్టిలో, వాగు నాచులో, అవి వాటి మానాన బతికి పిల్లలు పెట్టాయి.

ఆ ఆదివారమే కాజీపేట వెళ్లాను. చూడ్డానికి కాదు, పసరు నూనె ఇవ్వడానికి.

కిటికీ ముందు బల్ల మీద మామ కూర్చుని ఉన్నాడు, పక్కన మా సడ్డకుడు. ఇద్దరూ నా వైపు తిరగలేదు.

"నెమ్మదిగ రా బిడ్డా" అన్నాడు మామ. "మీద నీడ వడితే దాసుకుంటయ్."

నేను నీడ పడకుండా వంగి నిలబడ్డాను. గాజు నిండా పచ్చటి పాచి. నేనైతే అలాంటి అద్దాన్ని దుకాణంలో ఒక్క పూట ఉంచేవాణ్ణి కాదు. ఆ పాచి మీద రొయ్యలు చిన్న చేతులతో గీరి గీరి నోట్లో పెట్టుకుంటున్నాయి. బుడగల గాజు కదా, బుడగ వెనక్కి వచ్చిన ప్రతి రొయ్యా పెద్దగా, స్పష్టంగా, మీసాలతో సహా కనిపిస్తోంది. నా చెడ్డ గాజు వాళ్లకు భూతద్దమై కూర్చుంది.

"గిటు సూడు, గీమె గుడ్ల మీదున్నది" అని మామ వేలు పెట్టి చూపించాడు. కడుపు కింద ముదురాకుపచ్చ గుడ్లు, ఆవాల కంటే చిన్నవి, గుత్తిగా అంటుకుని ఉన్నాయి. వాటి మధ్య సన్నని తెడ్ల లాంటి కాళ్లు ముందుకూ వెనక్కూ ఆగకుండా ఆడుతున్నాయి.

"నీళ్లు విసురుకుంటాంది గుడ్లకు. గా కాళ్లు ఆపితే గుడ్లు ఖరాబయితయ్. అచ్చం మగ్గం గుంటల కూసున్నట్టే లేదూ?"

అప్పుడు చూశాను. బల్ల కింద ఆయన పాదాలు కదులుతున్నాయి. ఎడమది, కుడిది, ఎడమది, కుడిది, మగ్గం తొక్కుడుపలకల మీద కదిలినట్టే. ఆయనకు తెలుస్తున్నట్టు లేదు. నా దుకాణంలో అన్ని సాయంత్రాలు కూర్చున్నాడు, ఒక్కసారి ఆ పాదాలు కదల్లేదు. గాజు కోయడం చూసినా కదల్లేదు, ఎర్ర చేపల్ని చూసినా కదల్లేదు. అప్పుడు నాలో లేచినదాన్ని దుఃఖమని రాసుకుంటే నాకు గౌరవంగా ఉంటుంది. కుళ్లు అది. పచ్చి కుళ్లు.

"బావా, చాయ్ తాగుతవా?" అంది మరదలు.

వద్దన్నాను. తెచ్చింది, తాగాను. మా ఇంటి చాయ్ కంటే బాగుంది. అదీ మంటే. నూనె సీసా ఇవ్వడం మరిచిపోయి జేబులోనే వెనక్కి తెచ్చుకున్నాను.

కొన్ని వారాలకు మళ్లీ వెళ్లాను. ఈసారి ఇంట్లోకి అడుగు పెడుతూనే కళ్లు తొట్టి అడుగుకు పోయాయి. ఇసక మీద రొయ్యలు పడి ఉన్నాయి. తెల్లగా, పక్కకు ఒరిగి, కదలకుండా. నా గుండెలో బ్యాండు మేళం మోగింది. మొహం మాత్రం పరామర్శకు వచ్చినవాడిలా పెట్టాను.

"అయ్యో తమ్మీ! పోయినయా? ఏం ఫికర్ చెయ్యకు. గీ జీవాల బతుకే గంత."

మా సడ్డకుడు నన్ను ఎగాదిగా చూశాడు. ఆ మనిషికి మాటలు తక్కువ. షెడ్డులో సుత్తి దెబ్బల మధ్య పొద్దంతా అరిచి అరిచి, ఇంటికొచ్చాక నోరు విప్పేవాడు కాదు.

"ఎవలు పోయిండ్రు?" అన్నాడు మామ.

"రొయ్యలు మామా. మీరు గూడ ఇంత దూరం అచ్చుడు ఇగ ఎందుకు? రేపటి నుంచి మన దుకాణానికే రాండ్రి."

"గవి కుబుసాలు బిడ్డా! పెరిగినయ్. అంగి శాల్తలేదు, ఇడిసినయ్. అంగి ఇడిసి ఆరేస్తే శవమని ఏడుస్తానవా?"

ఇంటిల్లిపాదీ నవ్వారు. మామ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంటే సడ్డకుడు వీపు నిమిరాడు. ఆ నిమరడం నాకు ఇంకా కనిపిస్తుంది.

ఆ రోజు దిగొచ్చి అడిగాను, నాక్కూడా కొన్ని రొయ్యలు ఇమ్మని. సడ్డకుడు పాలక్యాను నిండా నీళ్లు పోసి, నాచు వేసి, పట్టి ఇచ్చాడు. బస్సులో క్యానును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కాయన "పాలెంతకు?" అంటే "రొయ్యలు" అన్నాను. "పులుసు మంచిగుంటది" అన్నాడు. దారంతా పులుసు ఎలా పెట్టాలో చెబుతూనే ఉన్నాడు.

ఇంట్లో మంచి తొట్టి సిద్ధం చేశాను. బుడగలు లేని గాజు. అసలు బుడగ అన్నది లేని గాజు కోసం హైదరాబాదు దాకా పోయానని అప్పట్లో చెప్పాను. స్టేషన్ రోడ్డులోనే దొరికింది. ఇక నీళ్లు. సడ్డకుడి ఇంట్లో అవి ఏం నీళ్లు తాగుతున్నాయి? రైల్వే కుళాయి నీళ్లు, స్టీలు బిందెలో పట్టినవి. మా ఇంట్లో రాగి బిందె ఉంది.

ఈ బిందె సంగతి చెప్పాలి. మా అత్తమ్మ బతికున్నప్పుడు పెద్ద బిడ్డ కాపురానికి పోతుంటే తన సొంత రాగి బిందె చేతికిచ్చి పంపింది. చిన్న బిడ్డ పెళ్లినాటికి స్టీలు వచ్చింది, స్టీలు బిందె ఇచ్చింది. అంతే తేడా. ఆ తేడాను నేను మాత్రం ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టి వాడుకున్నాను. సడ్డకుడు ఇంటికొచ్చినప్పుడల్లా "రాగి బిందె నీళ్లు తాగు తమ్మీ, ఒంటికి మంచిది, మీ ఇంట్ల ఉండవు గదా" అనేవాణ్ణి. పెద్దల్లుణ్ణని ఊరికే చెప్పుకుంటే ఏం బాగుంటుంది, ఇలా లోటాతో చెబితే బాగుంటుంది.

కనుక రొయ్యలకు కూడా రాగి బిందె నీళ్లే పోశాను. మనం తాగేవి, దేవుడికి పెట్టేవి. మామూలుగా కూడా కాదు. బిందెను చింతపండుతో నేనే తోమాను, ఎర్రగా నిగనిగలాడేదాకా. రాత్రంతా అందులో నిలవుంచి, పొద్దున్నే వడగట్టి తొట్టి నింపాను.

"దేవునికి గూడ గింత సేవ జెయ్యలే నువ్వు" అంది మా ఆవిడ.

రొయ్యలు మొదట గిరగిరా తిరిగాయి. సంతోషం అనుకున్నాను. తర్వాత నాచు మీదికి ఎక్కి కదలకుండా కూర్చున్నాయి. భోజనమైంది, కునుకు తీస్తున్నాయి అనుకున్నాను. మర్నాటికల్లా అడుగున పడి ఉన్నాయి. ఈసారి నేను తెలివిమీరాను గదా, "కుబుసాలు" అన్నాను. మా ఆవిడ చెంచాతో ఒకదాన్ని తీసి ఒత్తింది. లోపల రొయ్య ఉంది. తెల్లగా పాలిపోయి ఉంది.

మళ్లీ తెచ్చాను. మళ్లీ బిందె తోమాను. మళ్లీ పోయాయి.

ఇక నాకు అర్థమైపోయింది. సడ్డకుడు నాకు ముసలివాటిని, రోగాలున్నవాటిని ఏరి ఇస్తున్నాడు. మామను తన దగ్గర పెట్టుకోవడానికి ఇది ఎత్తు. వెళ్లి అందరి ముందూ అడిగేశాను.

"ఏం తమ్మీ, మంచియి నువ్వు ఉంచుకోని సచ్చేటియి నాకిస్తానవా?"

మరదలికి కోపం వచ్చింది. "బావా, రొయ్యలకు వయసు జూసి ఇయ్యనీకి గా మనిషికి ఏం తెలుసు? మొగదేదో ఆడిదేదో తెల్వదు!"

సడ్డకుడు వల లాంటి గుడ్డ ఒకటి నా చేతిలో పెట్టి, "నువ్వే పట్టుకపో అన్నా. నీకు నచ్చినయి" అన్నాడు.

నాకు నచ్చినవి పట్టాను. గుడ్ల మీదున్నవాటినే ఏరి ఏరి పట్టాను. ఒక్కొక్కటి క్యానులో పడుతుంటే మామ వంగి చూసి, "పైలం బిడ్డా. గవి తల్లులు" అన్నాడు. క్యాను బస్సు దాకా ఆయనే మోసుకొచ్చాడు, నేను ఊపుతానని.

అవీ పోయాయి. గుడ్లతో సహా. ఆ కడుపు కింది కాళ్లు ఆగిపోవడం నేను కూర్చుని చూశాను. దీన్ని పెద్దది చేసి చెప్పడానికి ఏమీ లేదు. ఉన్నది ఉన్నట్టే చాలు.

మామకు చెప్పడానికి కొత్తవాడ వెళ్లాను. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని విన్నాడు. కోప్పడితే బాగుండేది. "ఇగ సాలు బిడ్డా. మల్ల తేకు" అన్నాడు. అని లేచి, చెప్పులేసుకుని, బస్సుకు వెళ్లిపోయాడు. ఏ బస్సుకో చెప్పక్కర్లేదు.

తర్వాత కొన్నాళ్లు తొట్టి ఖాళీగా పడి ఉంది. దుకాణంలో ముక్కాలిపీట మీద కోసిన గాజు ముక్కలు పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఎవరైనా గిరాకీ వచ్చి దాని మీద కూర్చోబోతే మాత్రం, "ఆగుర్రి, గది మా మామది" అనేవాణ్ణి.

ఆ రోజుల్లోనే రాగి బిందె అడుగు కారడం మొదలైంది. నేను తోమిన తోముడుకే కారిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. మాటు వేయించడానికి కంచరి దగ్గర ఇచ్చాం. ఆయన ఇదిగో అదిగో అని తిప్పుతూనే ఉన్నాడు. ఇంట్లో మంచినీళ్లకు మట్టి కుండ పెట్టుకున్నాం. సరిగ్గా అప్పుడే మా ఆవిడ చెల్లెలింటికి వెళ్లి, నాకు చెప్పకుండా లోటాలో కొన్ని రొయ్యలు తెచ్చింది. నా మొహం చూడలేక తెచ్చానంది. తొట్టిలో కుండ నీళ్లు పోసి వదిలేసింది. నేను వాటి దిక్కు చూడలేదు. చూస్తే చస్తాయని భయం.

చావలేదు. గాజు మీద పాచి పట్టింది, తుడవబోతే ఆమె చేయి పట్టుకుంది. ఉడికిన తోటకూర కాడ ఒకటి వేస్తే అన్నీ చుట్టూ చేరాయి. ఒకదాని మెడ వెనక లేత పచ్చరంగు కనబడింది. గుడ్లు కడుపు కిందికి దిగే ముందు అలా కనబడుతుందని కాజీపేటలో విన్నాను. ఇంకా ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పకుండా ఉన్న సంగతి అదొక్కటే అయ్యుంటుంది.

అంతలో బిందె వచ్చింది. మాటు వేసి, మెరుగు పెట్టి, కొత్తదానిలా ఉంది. ఆ సంతోషంలో నేనేం చేశాను? ఇన్నాళ్లు మట్టి కుండ నీళ్లతో సరిపెట్టుకున్నాయి పాపం, పండగ చేసుకోనీ అని రెండు లోటాలు బిందె నీళ్లు తొట్టిలో పోశాను.

మధ్యాహ్నానికి అవి మళ్లీ గిరగిరా తిరగడం మొదలుపెట్టాయి. నేను నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాను. మా ఆవిడ వచ్చి తొట్టిని చూసింది, బిందెను చూసింది, నన్ను చూసింది.

"ఏందయ్యా, గిప్పుడు ఏం బోసినవ్?"

"బిందె నీళ్లు."

"బిందె ఊరికి వోయినన్ని దినాలు బతికినయ్. బిందె ఇంటికి రాంగనే సస్తానయ్. గది నీకు సమజైతలేదా?"

"రాగి నీళ్లు మంచియి గదనే! మీ అమ్మ బిందె అది!"

"మా అమ్మ మనుషులకు ఇచ్చింది. రొయ్యలకు ఇయ్యలే!"

అంటూనే రొయ్యల్ని కుండలోకి మార్చింది, గుడ్డతో, చేతితో, అందినట్టు. సగం పోయాయి. సగం నిలిచాయి. తొట్టి కడిగి, కుండ నీళ్లు పోసి, నిలిచినవాటిని మళ్లీ అందులో వదిలింది. నా చెల్లని అనుమానం, సడ్డకుడి మీద వేసిన నింద, పెద్దల్లుడి గొప్ప, అన్నీ ఆ మెరుగు పెట్టిన బిందెలో నా మొహంతో పాటు కనబడుతున్నాయి. బిందెను బోర్లించాను. "రాగి రొయ్యలకు విషం అని కనిపెట్టింది మా ఆయనే" అని ఆమె చేత పదిమంది ముందు చెప్పించుకున్న రోజులు ఉన్నాయి. అది ఆమె దయ.

నిలిచిన వాటిలో ఆ పచ్చమెడది ఉంది. గుడ్లు దింపుకుంది. నెల తిరిగిందో లేదో, ఒక పొద్దున నాచులో కనురెప్ప వెంట్రుకల్లాంటివి కదిలాయి. పిల్లలు. పుడుతూనే పెద్దవాటి పోలికే, మీసాలతో సహా. వందలు, వేలు అని సందంతా చెప్పాను. లెక్క పెట్టలేదు. కదులుతుంటే లెక్క ఎలా పెడతాం?

పరుగున కొత్తవాడ వెళ్లి మామను రిక్షాలో తెచ్చాను. దారంతా చెబుతూనే ఉన్నాను, కుండ నీళ్ల సంగతి, తోటకూర సంగతి, పచ్చమెడ సంగతి. తొట్టి ముందు కూర్చోబెట్టి ఇంకా చెప్పాను. గాజు హైదరాబాదుదని కూడా చెప్పాను. ఆయన చూశాడు. సంతోషించాడు కూడా, మొహంలో తెలిసింది. "మంచిగ బతికిచ్చినవ్" అన్నాడు. మా ఆవిడ చాయ్ ఇచ్చింది, తాగాడు. తాగి, కండువా దులిపి, లేచాడు.

"యాడికి మామా?"

"కాజీపేట బస్సు అందుతది గదా ఇంకా."

ఇన్నాళ్లు కడుపులో దాచుకున్నది నోట్లోకి వచ్చేసింది. పెద్దవాళ్లను అలా అడగకూడదు. అడిగాను.

"మామా, గాడ ఏమున్నది? గీడ ఏం లేదు? రొయ్యలు గవే. తొట్టి గంతకంటె మంచిది. నేను నీకు ఏం తక్కువ జేసిన?"

ఆయన కండువా భుజం మీద వేసుకుని, దాచాలా వద్దా అని ఆలోచించి, చెప్పేశాడు.

"తక్కువేం జెయ్యలే బిడ్డా. గాడ ఎవ్వలు మాట్లాడరు."

వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. మా ఆవిడ నవ్వు ఆపుకోబోయి చేజార్చింది.

"గదేంది మామా..."

"పొద్దంత మగ్గం సప్పుడు ఇని ఇని నా శెవులు అలిసిపోయినయ్. నీ దుకాణానికి అత్తే నువ్వు జెప్తవ్. మంచిగనే జెప్తవ్. గని ఒక్కటి ఇని అర్థం జేసుకునేటాలకు ఇంకోటి జెప్తవ్. సిన్నల్లుడు పక్కకు కూసుంటడు. ఏం అనడు. రొయ్యలు ఏం అనయ్. గదే హాయి."

నా మీద ఇంత కఠినమైన తీర్పు ఎవరూ ఇవ్వలేదు. అదీ ఇంత మెత్తగా. ఇన్నాళ్లూ నేను పోటీ పడింది రొయ్యలతో అనుకున్నాను, తొట్టితో అనుకున్నాను, బిందెతో అనుకున్నాను. ఆ ఫిట్టరు ఏ ప్రయత్నం లేకుండా, నోరు మూసుకుని, ఊరికే కూర్చుని గెలిచాడు. మూసుకుని కూర్చోవడం ఒక విద్య అని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నేర్చుకునేవాణ్ణి కదా.

"కూసో మామా" అన్నాను. "నేను మాట్లాడ."

కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. మాట్లాడకపోవడం ఎంత కష్టమో మాట్లాడేవాడికే తెలుస్తుంది. ఒక పిల్ల రొయ్య గాజు మీద జారిపడింది, చెప్పబోయి ఆగాను. ఇంకోటి పెద్దదాని వీపు మీదికి ఎక్కింది, నాలుక కరుచుకున్నాను. వీధిలో కల్లు కావడి పోతోంది, బ్యాండు పార్టీ వాళ్లు డోళ్లు మోసుకుంటూ పోతున్నారు, చెప్పడానికి ఎన్ని ఉన్నాయి! ఆయన మాత్రం రొయ్యలు ఎటు పోతే అటు మెడ తిప్పుతూ, చూస్తూనే ఉన్నాడు. బస్సు వేళ దాటింది. ఆయన లేవలేదు. వీధి దీపం వెలిగాక లేచి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ నా భుజం మీద చేయి వేశాడు.

"రేపు గాడికి పోత. ఎల్లుండి ఈడికి అత్త."

ఎల్లుండి వచ్చాడు. ఆ తర్వాత రోజు విడిచి రోజు, చాలా కాలం వచ్చాడు. మా పిల్లలతో మాత్రం మామ రోజూ మన ఇంట్లోనే ఉండేవాడని చెప్పాను.

ఇక ఆ మధ్య రోజులు, కాజీపేట రోజులు, నాకు గడిచేవి కావు. ఇంట్లో తొట్టి ముందు ఒక్కణ్ణే కూర్చుంటే అక్కడ ఏం జరుగుతోందో అన్న ధ్యాసే. చివరికి ఒకనాడు దుకాణానికి తొందరగా తాళం వేసి నేనే కాజీపేట బస్సెక్కాను. పరామర్శకు కాదు, రొయ్యల కోసం కాదు. లోపలికి వెళ్లి నీడ పడకుండా వంగి, బల్ల మీద ఖాళీ ఉన్న చోట కూర్చున్నాను. సడ్డకుడు జరిగి చోటిచ్చాడు. నేను అతనికి క్షమాపణ లాంటిదేదో చెబుదామని నోరు తెరిచాను. అతను పెదవి మీద వేలు పెట్టుకుని తొట్టి వైపు చూపించాడు. కనుక అది చెప్పలేదు.

ముగ్గురం అలాగే కూర్చున్నాం. మామ మధ్యలో, మేము చెరో పక్క. సరిగ్గా మధ్యలోనే కూర్చున్నాడు, ఒప్పుకుంటాను. కానీ ఆయన మోకాళ్లు కాస్త సడ్డకుడి వైపే తిరిగి ఉన్నాయి.